వైమానిక ఛాయాచిత్రణము – విమానస్థావరములు: ఒక ప్రమాణ విచారణ

చరిత్ర రచనకు ఆధారమగు సామగ్రిని మనవారు సాధారణముగా శాసనములు, నాణెములు, గ్రంథములు, కట్టడములు, త్రవ్వకములలో దొరకిన వస్తువులు అని విభజించుచుందురు. ఇరువదవ శతాబ్ది ప్రథమపాదమున ఈ పట్టికలో మరియొకటి చేరినది. అది వైమానిక ఛాయాచిత్రము. నేలపై నిలిచి చూచువానికి కానరాని పూర్వకాలపు కందకములు, కట్టలు, పొలముల గట్లు, బాటలు ఆకాశమునుండి తీసిన చిత్రములో గీతలవలె తేటపడుట ఆనాటి పండితులకు మిక్కిలి ఆశ్చర్యము గొల్పెను. ఈ సాధనమును గూర్చి చెప్పునపుడు కెమెరాను గూర్చియు, విమానమును గూర్చియు, చిత్రమును చదివిన పండితుని ప్రతిభను గూర్చియు విరివిగా చెప్పుట వాడుక. ఆ విమానము ఎచ్చటనుండి లేచినది, మరల ఎచ్చట దిగినది అను ప్రశ్నకు దొరకు స్థానము స్వల్పము. అయినను ఆ ప్రశ్ననడిగిననే ఈ ఆధారముయొక్క బలమును పరిమితియు తెలియునని మా అభిప్రాయము. ఇంగ్లండు దక్షిణభాగమందలి సాల్స్‌బరీ మైదానమును ముఖ్యోదాహరణముగా గైకొని, పశ్చిమాసియా ఎడారులను పోలికకు గ్రహించి, ఈ విషయమును ఇచ్చట విచారింతుము.

బెలూనునుండి విమానమునకు

ఆకాశమునుండి ఛాయాచిత్రము తీయు ప్రయత్నము విమానముకంటె ప్రాచీనము. ఫ్రాన్సుదేశీయుడగు నాదార్ 1858లో బెలూను నెక్కి పారిస్ సమీపమున చిత్రము తీసెను. అది నేడు లభింపదు. 1860లో అమెరికాలోని బోస్టను నగరమును బెలూనునుండి జేమ్స్ వాలెస్ బ్లాక్ తీసిన చిత్రము నేటికిని నిలిచియున్నవానిలో మొదటిది. ఇంగ్లండులో పురాతన కట్టడముల విషయమున మొదట చెప్పదగిన సంవత్సరము 1906. బ్రిటిషు సైన్యమున బెలూను శాఖకు చెందిన లెఫ్టినెంటు ఫిలిప్ షార్ప్ స్టోన్‌హెంజి శిలావలయమును ఆకాశమునుండి చిత్రించెను. ఆ చిత్రములు ఆ సంవత్సరముననే లండనులోని పురాతత్త్వజ్ఞుల సంఘమున ప్రదర్శింపబడి, 1907లో ప్రకటింపబడినవి.

షార్ప్ సైనికోద్యోగి, పురాతత్త్వ పండితుడు కాడు. సైన్యము అభ్యాసముచేయు నేలమీద శిలావలయముండుటచేతనే అది వారి కెమెరాకు దొరకినది. తరువాతి చరిత్రకంతటికిని ఈ చిన్న సంఘటన సూచనవంటిది.

సాల్స్‌బరీ మైదానమందలి భూములను బ్రిటిషు యుద్ధశాఖ 1897 మొదలుకొని సైనికాభ్యాసములకై కొనుచు వచ్చెను. అది సుద్దనేల. పైని పలుచని మన్ను, దానిమీద గడ్డి, క్రింద తెల్లని సుద్దరాయి. చెట్లు తక్కువ, వాననీరు త్వరగా ఇంకిపోవును. తొలి విమానములు దిగుటకు ఇంతకంటె అనుకూలమగు నేల దొరకుట కష్టము. 1910లో స్టోన్‌హెంజికి ఉత్తరమున లార్క్‌హిల్‌నొద్ద విమానములుంచు షెడ్లు వెలసెను. 1912లో అపావన్‌నందు కేంద్ర విమానవిద్యాలయము ఏర్పడెను. 1913లో నెదరావన్ స్థావరమునకు దళములు చేరెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1917లో, ఓల్డ్ సారం, ఆండోవరు స్థావరములును, స్టోన్‌హెంజి ప్రక్కననే మరియొక స్థావరమును వెలసినవి. ఇట్లు ఏడెనిమిదేండ్లలో ఇంగ్లండులోని ప్రాచీనావశేషములు మిక్కుటముగాగల ప్రదేశము విమానములు మిక్కుటముగాగల ప్రదేశముగ కూడ మారెను.

ఆ స్థావరములను నేటి విమానాశ్రయములవంటి వానిగ భావింపరాదు. అవి పచ్చికబయళ్ళు, అంచున షెడ్లు, మరమ్మతుల కొట్టము, పెట్రోలు నిలువ. ఛాయాచిత్రముల పని జరుగుచోట ఒక చీకటిగదియు ఉండెడిది. ఈ చీకటిగది మన విచారణకు ముఖ్యము. ఆనాటి చిత్రములు గాజుపలకలపై తీయబడెడివి. పలకలను జాగ్రత్తగా దింపి, కడిగి, ఆరవేసి, అంకెలువేసి భద్రపరుపవలెను. విమానము ఆకాశమున ఎంతసేపు ఎగిరినను, చిత్రము పుట్టునది స్థావరముననే.

యుద్ధము నేర్పిన విద్య

1914లో యుద్ధము ప్రారంభమైనప్పుడు విమానముల పని చూచివచ్చి చెప్పుటయే. చూచినదానిని చిత్రముగా తెచ్చు పద్ధతి శీఘ్రముగా పెరిగెను. 1915 మార్చి నెలలో ఫ్రాన్సులోని నవ్ షాపెల్ యుద్ధమునకు ముందు జర్మనుల కందకములను విమానచిత్రముల సాయమున పటములపై గుర్తించిరి. అప్పటినుండి చిత్రమును చదువుట ఒక వృత్తియయ్యెను. నీడ ఏ దిక్కున పడినది, అది గొయ్యియా గట్టా, మన్ను కొత్తగా త్రవ్వినదా పాతదా అను సూక్ష్మములను వేలకొలది చిత్రములపై అభ్యసించిన యువకులు తయారైరి.

అట్టివారిలో ఒకడు ఓ. జి. ఎస్. క్రాఫోర్డు. ఇతడు 1886లో మన దేశమున బొంబాయిలో జన్మించెను. తండ్రి అచ్చట న్యాయాధికారి. శైశవముననే ఇంగ్లండునకు పంపబడి బంధువులవద్ద పెరిగెను. యుద్ధమున పటముల పనియందును, పిమ్మట విమానమున పరిశీలకుడుగను ఉండి, 1918లో జర్మనులకు చిక్కి, యుద్ధాంతమువరకు బందీగ నుండెను. 1920లో ఇతడు ఇంగ్లండు ప్రభుత్వ భూమాపనశాఖయగు ఆర్డ్‌నెన్స్ సర్వేయందు మొదటి పురాతత్త్వాధికారిగ నియుక్తుడయ్యెను. పటము, విమానచిత్రము, పురాతత్త్వము అను మూడు విద్యలును ఒకనియందు కూడుట తరువాతి ఫలితములకు మూలము.

ఆ యుద్ధముననే మెసపొటేమియాలో ఇంజనీరుదళమునకు చెందిన కర్నలు బీజలీ, టైగ్రిస్ నదీతీరమందలి సమర్రా ప్రాంతమును విమానమునుండి చూచి, పాడువడిన మహానగరముయొక్క వీధులును కాలువలును పటమువలె పరచియుండుట గుర్తించెను. సమర్రా తొమ్మిదవ శతాబ్దిలో అబ్బాసీ ఖలీఫాలకు రాజధాని. నేలపై నడచునపుడు అవి అర్థము లేని మట్టిదిబ్బలుగా తోచినవని ఆయన 1919లో వ్రాసిన వ్యాసమునుండి తెలియుచున్నది.

గుర్తుల స్వభావము

ఆకాశమునుండి పాతకట్టడములు ఎట్లు కనిపించుననుటకు కారణములు మూడు. మొదటిది నీడ. ప్రాతఃకాలమునను సాయంకాలమునను సూర్యుడు వాలియున్నపుడు జానెడెత్తు గట్టైనను పొడుగైన నీడను పరచును. రెండవది మంటి రంగు. సుద్దనేలయందు పూర్వము త్రవ్వి పూడ్చిన కందకముమీద నాగలి సాగినపుడు నల్లనిమన్ను గీతగాను, గట్టు చెదరినచోట సుద్ద తెల్లనిచారగాను తేలును. మూడవది పైరు. పూడిన కందకముమీద మన్ను లోతుగానుండి తేమ నిలుచును. అచ్చటి పైరు ఎత్తుగ, పచ్చగ పెరిగి ఆలస్యముగ పండును. పాతగోడమీద మన్ను పలుచగనుండుటచే పైరు గిడసబారి ముందే పసుపెక్కును. వానలు తక్కువైన ఏట ఈ భేదము అధికము.

దీనినిబట్టి ఒక నియమము ఏర్పడుచున్నది. ఒకే ప్రదేశమును ఒక్కసారి చిత్రించిన చాలదు. వేర్వేరు ఋతువులలో, వేర్వేరు వేళలలో, వేర్వేరు సంవత్సరములలో మరలమరల చిత్రింపవలెను. ఇది వ్యయముతో కూడిన పని. 1920 ప్రాంతమున ఏ విద్యాసంస్థయు ఇట్టి వ్యయమును భరించు స్థితిలో లేదు. కాని సైనికస్థావరములో శిక్షణ పొందువారు ప్రతిదినము ఎగిరి, చుట్టుప్రక్కల పొలములనే మరలమరల చిత్రించుచుండిరి. పురాతత్త్వమునకు కావలసిన పునరావృత్తి అభ్యాసము పేర ఉచితముగా జరిగెను.

ఓల్డ్ సారం పలకలు

1922లో వైమానికదళమందలి ఉన్నతోద్యోగి క్లార్క్ హాల్ అభ్యాసచిత్రములు కొన్నింటియందు వింతగీతలను చూచెను. ఆ సమాచారము ఆండోవరు ప్రాంతమందలి వైద్యుడును పురాతత్త్వాభిమానియునగు విలియమ్స్ ఫ్రీమన్ ద్వారా క్రాఫోర్డునకు చేరెను. హాంప్‌షైరు కొండవాలులపై చతురస్రములుగా అల్లుకొనియున్న ఆ గీతలు రోమనులకు పూర్వమును, వారి కాలమునను దున్నిన పొలముల గట్లని క్రాఫోర్డు గుర్తించెను. 1923లో లండనులోని రాయల్ భౌగోళిక సంఘమున ఈ విషయమును ఉపన్యసించెను.

అదే సంవత్సరము మరియొక ఫలము లభించినది. స్టోన్‌హెంజినుండి ఈశాన్యముగా బయలుదేరు ప్రాచీన వీథి ఒకటి కలదు. పదునెనిమిదవ శతాబ్దిలో విలియం స్టూక్లీ దీనిని గమనించి వర్ణించెను. లోయలో దిగినపిమ్మట అది ఎటుపోయినదో, నాగటిచాళ్ళ క్రింద చెరిగిపోవుటచే, నిశ్చయముగ తెలియరాలేదు. ఓల్డ్ సారం స్థావరమందలి సైనిక శిక్షణాలయమువారు 1921లో తీసిన గాజుపలకలను 1923లో పరిశీలించుచు క్రాఫోర్డు పైరులో రెండు సమాంతరరేఖలు తూర్పుగా తిరిగి, పిదప ఏవన్ నదివైపు వంగుట కనుగొనెను. ఆ సెప్టెంబరులో క్రాఫోర్డును పాస్‌మోరును కొన్నిచోట్ల త్రవ్వించి చూడగా, రేఖలున్నచోటనే కందకములు దొరకెను. ఈ వీథి పొడవు సుమారు రెండున్నర కిలోమీటరులు. 2008, 2009 సంవత్సరములలో నదీతీరమున జరిగిన త్రవ్వకములు ఇది ఏవన్ నదివరకు సాగినదని స్థిరపరచినవి.

ఈ వృత్తాంతమున రెండు సంగతులు విమర్శింపదగియున్నవి. 1921 ఇంగ్లండున మిక్కిలి వానలు లేని సంవత్సరము. ఆ వేసవిలో ఆ పొలముపై ఎగురుమని ఏ పండితుడును అడుగలేదు. స్థావరము దగ్గర నుండుటచేతనే అనువైన ఏట అనువైన పొలము చిత్రమునకెక్కెను. రెండవది, ఆ పలకలు రెండేండ్లు ఎవరును చదువక పడియుండెను. తీసినవానికి ఆ రేఖలు అర్థవంతములు కావు. అర్థము తెలిసినవానికి ఆ పలకలున్నట్లు తెలియదు. స్థావరము ఆధారమును పుట్టించి, నిలువచేసి, పండితునికై వేచియుండెను. ప్రతులుండియు చదువరిలేక మూలబడిన తాళపత్రగ్రంథముల స్థితికిని దీనికిని భేదము తక్కువ.

నెదరావన్, ఆండోవరు

1925 డిసెంబరులో స్క్వాడ్రన్ లీడర్ గిల్బర్ట్ ఇన్‌సాల్ నెదరావన్ స్థావరమునుండి స్నైపు విమానముపై ఎగురుచు, స్టోన్‌హెంజికి ఈశాన్యమున, సుమారు మూడు కిలోమీటరుల దూరమున, దున్నిన నేలలో తెల్లని చుక్కలుగల వలయమును చూచెను. 1926 వేసవిలో పైరు పెరిగినపిమ్మట తీసిన చిత్రములలో ఆ వలయమున నల్లని మచ్చలు వరుసలుదీరి కనిపించెను. మౌడ్ కనింగ్టన్, ఆమె భర్త బెంజమిన్ 1926 నుండి 1928 వరకు త్రవ్వించి, ఆ మచ్చలు కొయ్యస్తంభములు పాతిన గోతులనియు, అవి ఒకదానిలోనొకటిగ ఆరువరుసలుగ నున్నవనియు నిరూపించిరి. శిలలకు మారు కొయ్యయుండుటచే దీనికి ఉడ్‌హెంజి యను పేరు స్థిరపడెను. అంతకుముందు దీనిని శిథిలమైన పెద్ద సమాధిదిబ్బగా భావించుచుండిరి. శీతకాలమున చూచినదానిని వేసవిలో మరల చూచుటకు ఇన్‌సాల్‌నకు వీలుకలిగినది ఆయన స్థావరము కొద్దిమైళ్ళలోనుండుటచేతనే.

ఈ నడుమ 1924లో క్రాఫోర్డును, ధనికుడగు అలెగ్జాండర్ కీలరును డి హావిలాండు విమానమొకటి అద్దెకు తీసికొని, పురాతత్త్వమునకే ప్రత్యేకముగ ఆకాశసర్వే జరిపిరి. ఫలితములు 1928లో ‘వెసెక్స్ ఫ్రమ్ ది ఎయిర్’ అను గ్రంథముగ వెలువడెను. ఇచ్చట విమానమార్గమును నిర్ణయించినది పండితుడు. కనుక పద్ధతియందు ఇది ఒక పెద్ద ముందడుగు. అయినను వారి విడిది ఆండోవరు ప్రాంతము; వారు చిత్రించినది విల్ట్‌షైరు, హాంప్‌షైరు, బార్క్‌షైరు, డార్సెట్, సామర్‌సెట్ మండలములు. పండితుడు మార్గమును నిర్ణయింపగలిగెను గాని మార్గముయొక్క పొడవును నిర్ణయించినవి పెట్రోలును, దిగుటకు దొరకు మైదానమును.

కాపాడినదే చెరుపుట

స్టోన్‌హెంజి ప్రక్కనున్న స్థావరముయొక్క చరిత్ర ఈ సంబంధమునకు రెండవముఖమును చూపుచున్నది. 1915లో సెసిల్ చబ్ 6,600 పౌనులకు స్టోన్‌హెంజిని కొని, 1918లో జాతికి దానమొసగెను. దానము జరుగునాటికే ఆ ప్రక్కపొలములో రాత్రివేళ బాంబులు వేయుట నేర్పు స్థావరము నడచుచుండెను. శిలావలయముమీదుగ హాండ్లీ పేజి భారీవిమానములు సంచరించెను. 1921 నాటికి స్థావరము మూతపడినను షెడ్లు నిలిచియుండి చూపరులకు కంటకములయ్యెను. 1927లో ప్రజలను చందాలకు ప్రార్థించి, చుట్టుప్రక్కల భూమిని కొని నేషనల్ ట్రస్టునకు అప్పగించిరి. పిమ్మట క్రమముగ ఆ కట్టడములు తొలగింపబడెను.

సైన్యము చాలభాగమును నాగలికి అందనీయక కాపాడినది. అభ్యాసచిత్రములచే వెలుగునకు తెచ్చినది. పునాదులు త్రవ్వి, నేల చదునుచేసి కొంత చెరిపినది. ఈ మూడింటిని విడదీసి ఒకదానినే కీర్తించుటయు నిందించుటయు చరిత్రకారునికి తగదు.

ఎడారియందలి ఉదాహరణము

సాల్స్‌బరీ మైదానమున స్థావరములును ప్రాచీనావశేషములును ఒకేచోట నుండుట యాదృచ్ఛికమని ఎవరైన ఆక్షేపింపవచ్చును. కావున భిన్నస్వభావముగల ప్రదేశమును పరీక్షింతము. 1921లో బ్రిటిషు వైమానికదళము కైరోనుండి బాగ్దాదునకు తపాలా విమానములను నడుప మొదలిడెను. అమ్మాను దాటిన తరువాత జనసంచారములేని ఎడారి. చోదకులు దారితప్పకుండుటకు నేలపై చాలుదున్ని బాటగీసిరి. నడుమనడుమ దిగుటకు మైదానములను చదునుచేసి అక్షరములతోను అంకెలతోను గుర్తించిరి. కొన్నిచోట్ల పెట్రోలు నిలువచేసిరి.

ఈ మార్గమున నల్లరాతి ఎడారిపై ఎగురుచు చోదకులు రాతిగోడలతో గీసిన వింతయాకృతులను చూచిరి. దూరమునుండి కలిసివచ్చు రెండు పొడుగుగోడలు, చివర ఒక ఆవరణము. గాలిపటమునకు తోకలు కట్టినట్లుండుటచే చోదకులు వానిని గాలిపటములనిరి. బెదూయినులు అవి ముసలివారి పనులనిరి. ఆ మాటనే శీర్షికగ గైకొని మెయిట్‌లాండు 1927లో, క్రాఫోర్డు ఆ యేడు స్థాపించిన ‘ఆంటిక్విటీ’ పత్రికలో వ్యాసము వ్రాసెను. 1929లో రీస్ అదే పత్రికలో ట్రాన్స్‌జోర్డాను ఎడారినిగూర్చి వ్రాసెను. అవి జింకజాతి మృగములను తరిమి పట్టుటకు కట్టినవని నేడు విద్వాంసులలో అధికసంఖ్యాకుల అభిప్రాయము. ఇట్లే ఫ్రెంచివారి ఏలుబడిలోనుండిన సిరియాలో పాదరీ పాయ్‌దెబార్ 1925 మొదలు ఫ్రెంచి వైమానికదళపు సాయమున రోమనుల ఎడారి సరిహద్దు కోటలను, బాటలను చిత్రించి 1934లో గ్రంథము ప్రకటించెను.

తపాలామార్గమున దొరకినవి ఆ మార్గమున మాత్రమే యుండెనా? నేడు ఉపగ్రహ చిత్రములయందు అట్టి గాలిపటములు అరేబియానుండి మధ్యాసియావరకు వేలసంఖ్యలో గుర్తింపబడినవి. తొలిపటమునందు అవి ఒక సన్నని పట్టీగ నుండుటకు కారణము ప్రాచీనుల నివాసము కాదు, తపాలావిమానముల బాట.

ఖాళీప్రదేశముల ప్రశ్న

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. సుద్దనేలలందు అవశేషములు మిక్కుటముగ దొరకుటకు మూడు కారణములు చెప్పవచ్చును. అచ్చట ప్రాచీనులు నిజముగ అధికముగ నివసించియుండవచ్చును. ఆ నేల గుర్తులను ఇతర నేలలకంటె స్పష్టముగ చూపుచుండవచ్చును. అచ్చట విమానములు అధికముగ ఎగిరియుండవచ్చును. మూడును సత్యములే. కాని తొలి చిత్రములను మాత్రమే చూచినచో ఏది ఎంత యని విడదీయుట సాధ్యము కాదు. విడదీయుటకు ఒకటే ఉపాయము: స్థావరములు లేని చోట, బంకనేలలమీద కూడ ఎగిరి చూచుట.

ఆ పని క్రమముగ జరిగినది. 1930 ప్రాంతమున మేజరు అలెన్ సొంతవిమానముపై ఆక్స్‌ఫర్డు చుట్టునున్న నదీతీరపు గులకనేలలను చిత్రించెను. 1945 తరువాత కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు సెయింట్ జోసెఫ్ దేశమంతటను ఎగిరెను. 1976లోను 2018లోను వచ్చిన అనావృష్టులు క్రొత్తగుర్తులను విరివిగ బయటపెట్టినవి. అడవులును బంకనేలలునుగ ఖాళీయని తలచిన మధ్యమండలములందు కూడ ప్రాచీన పొలములు, పల్లెలు కనిపించెను. సుద్దనేలల ప్రాధాన్యము పూర్తిగ పోలేదు. కాని ఇతరప్రదేశముల శూన్యత చాలవరకు మన చూపుయొక్క శూన్యతయని తేలెను.

కావున వైమానిక ఛాయాచిత్రము ‘ఉన్నది’ అని చెప్పినపుడు, త్రవ్వి సరిచూచిన పిమ్మట, దానిని ప్రమాణముగ గ్రహింపవచ్చును. అది ‘లేదు’ అని చెప్పినట్లు తోచినపుడు మాత్రము, ఆ చోట ఎవరు, ఏ ఋతువున, ఎన్నిసారులు ఎగిరిరో తెలిసికొననిదే గ్రహింపరాదు. ఉపగ్రహమునకు స్థావరపు హద్దులేదు. అయినను మేఘమును, చెట్లనీడయు దానికిని అడ్డులే. పరిమితి రూపము మారునుగాని పూర్తిగ తొలగదు.

ఈ నియమము విమానచిత్రములకే గాక, సేకరణరూపమగు ప్రతి ఆధారమునకును వర్తించును. తెలుగుదేశపు స్థానికచరిత్రలకు ఆకరములగు కైఫీయతులు కల్నల్ మెకంజీ ఆజ్ఞపై కావలి సోదరులు మొదలగువారు ఊరూర తిరిగి సేకరించినవి. కైఫీయతు గల గ్రామమునకు చరిత్ర కలదని, లేనిదానికి లేదని ఎవరును అనరు. కాని ఒక సీమలో శాసనములు తక్కువ, ఒక సీమలో కవులు తక్కువ అని తీర్మానించునపుడు మనము తరచు ఆ పొరపాటునే చేయుచున్నాము. అచ్చటికి సేకర్తలు ఎన్నిమారులు వెళ్ళిరి, ఏ బాటన వెళ్ళిరి, ఎచ్చట విడిసిరి అను విషయములను మొదట పటముపై గుర్తించి, ఆ పటముప్రక్కన మన ఆధారముల పటమునుంచి చూచుట అవసరము. రెండును ఒకే ఆకృతిలోనున్నచో, మన తీర్మానము ప్రాచీనులనుగూర్చినది కాక సేకర్తల ప్రయాణమునుగూర్చినదే కావచ్చును. ఇట్టి జంటపటములను సిద్ధపరచుట పరిశోధక విద్యార్థులు చేపట్టదగిన కార్యమని మా మనవి.